పేపర్లు పెట్టే ముందు పది నెలల లెక్క

ప్రశ్న: బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి 14 నెలలైంది. రాత్రి పదింటిదాకా కూర్చుని చేసిన పనిని టీమ్ లీడ్ డెమోలో తనదిగా చెప్పుకుంటాడు. తప్పు దొర్లితే మాత్రం అందరి ముందూ నన్ను కడిగేస్తాడు. రెండేళ్లలోపు మానేస్తే డబ్బు కట్టాలన్న బాండ్, 90 రోజుల నోటీసు ఉన్నాయి. రేపే మానేయాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మానేయాలనుకోవడంలో తప్పులేదు. రేపే అనుకోవడమే తొందర.

మెచ్చుకోకపోవడం వేరు, అవమానించడం వేరు. మొదటిదానికి కొంత మందుంది. పైవాళ్లకు కనిపించేది డెమో ఇచ్చినవాడి మొహమే కాబట్టి, మీ భాగాన్ని మీరే చూపిస్తానని స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) మొదట్లోనే అడగండి. డెమో రోజున అడిగితే అది తగువులా వినిపిస్తుంది.

నోటిమాటగా వచ్చిన పనిని వెంటనే మెయిల్లో పెట్టండి: "ఇందాక అనుకున్నట్టు లాగిన్ బగ్ పక్కన పెట్టి పేమెంట్ స్క్రీన్ మొదలుపెడుతున్నాను. బగ్ గురువారానికి జరుగుతుంది. మార్పులుంటే చెప్పండి." అంతే, మర్యాదగా మూడు ముక్కలు. వచ్చే వారం బగ్ ఎందుకు ఆగిందని నలుగురిలో నిలదీస్తే ఈ మెయిలే మాట్లాడుతుంది.

తేదీ, టికెట్ నంబర్ (ఆ పనికి కంపెనీ సిస్టమ్‌లో ఉండే నంబర్), చేసిన పని ఒక్క లైనులో రోజూ రాసుకోండి. అప్రైజల్‌కీ రెజ్యూమేకీ అదే ముడిసరుకు. కోడ్‌నీ క్లయింట్ మెయిళ్లనీ మాత్రం సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దు. ఆ ఒక్క పని చాలు, తప్పు మీదైపోవడానికి.

అవమానాల సంగతి లీడ్ పైనున్న మేనేజర్‌కి చెప్పేటప్పుడు తేదీలతో రెండు మూడు సంఘటనలు చెప్పండి. "టార్చర్ పెడుతున్నాడు" అంటే ఎవరూ కదలరు. హెచ్‌ఆర్ ఉన్నది కంపెనీ కోసమని గుర్తుంచుకుని అక్కడ అడగాల్సింది టీమ్ మార్పు. న్యాయం అడిగితే కాలయాపనే ఎక్కువ.

ఇక బాండ్. "బాండ్లు కోర్టులో చెల్లవు" అని స్నేహితులు చెప్పేది పూర్తిగా నమ్మకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో 2 లక్షల బాండ్‌ని సమర్థించింది. అలాగని రాసిన మొత్తమంతా కంపెనీకి దానంతట అదే రాదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే వస్తుంది. మీ కాగితంలో మొత్తం ఎంత, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా, నోటీసు కాలం రెండేళ్లలో కలుస్తుందా అన్నవి చదవండి.

కలిసేట్టయితే లెక్క బాగా కుదురుతుంది. మిగిలింది 10 నెలలు: ప్రిపరేషన్‌కి 4, ఇంటర్వ్యూలకి 3, నోటీసుకి 3. అంటే ఆఫర్ చేతికొచ్చాక 21వ నెల చివర పేపర్లు పెడితే 24వ నెలతో బాండ్ కూడా తీరిపోతుంది. 90 రోజులు ఆగని కంపెనీలూ ఉంటాయి కాబట్టి నోటీసు సంగతి మొదటి కాల్‌లోనే చెప్పేయండి.

చెప్పాపెట్టకుండా మానేస్తే రిలీవింగ్ లెటర్ రాదు. పాత ఉద్యోగం దాచి కొత్తదాంట్లో చేరినా, యూఏఎన్‌లో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) పీఎఫ్ చరిత్ర తీస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. పేస్లిప్పులు, ఫారం 16, హైక్ లెటర్ ముందే దించుకోండి, చివరి రోజు తర్వాత లాగిన్ ఉండదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా సాధారణంగా ఆ రోజుతోనే ఆగిపోతుంది.

వీటన్నిటికీ ఒక మినహాయింపు ఉంది. నిద్ర పట్టకపోవడం, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ, తిండి సయించకపోవడం వారాల తరబడి సాగుతుంటే ఈ పది నెలల లెక్క పక్కన పెట్టేయండి. డాక్టర్‌ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో కూర్చుని బాండ్ డబ్బు ఎంతవుతుందో, ఎలా కట్టాలో మాట్లాడుకుని, ఆఫర్ లేకపోయినా పేపర్లు పెట్టేయండి.