వావిలాకును పరీక్షించే చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది కదిరి. పదిహేనేళ్లుగా బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాము. మా అమ్మాయి పీసీఎంబీతో (భౌతిక, రసాయన, గణిత, జీవ శాస్త్రాలు) రెండో పీయూసీ, అంటే మన ఇంటర్ లాంటిది, పూర్తిచేసింది. వాళ్ల అవ్వ మోకాళ్లకు వావిలాకు కాపడం పెట్టుకోవడం చూస్తూ పెరిగింది. మూలికలు నొప్పిని, వాపును నిజంగా తగ్గిస్తాయో లేదో పరీక్షించే పనే చేస్తానని, అందుకు బి.ఫార్మసీ కావాలని పట్టుబట్టింది. నేను బయోటెక్నాలజీలో బీటెక్ చేయమంటున్నాను. ఏది మేలు?

జవాబు: అడ్మిషన్ల వేళ ఏటా నన్ను చేరే ప్రశ్న ఇది. మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, ఇంజినీరింగ్ సీటు వదిలి ఆకులు నూరే పనికి పంపారని బంధువులు అంటారేమోనన్న జంకు మీ ఉత్తరమంతటా కనిపిస్తోంది. కనుక ముందు ఆ పని ఏమిటో చూడండి.

ఎలుకకు మూలిక సారం తాగించి, కొంతసేపయ్యాక, సముద్రపు నాచు నుంచి తీసే కారజీనన్ ఒక శాతం ద్రావణాన్ని దాని వెనక పాదంలోకి 0.1 మిల్లీలీటరు ఎక్కిస్తారు. పాదం ఉబ్బుతుంది. మడమ దగ్గర సిరాతో పెట్టిన గుర్తు వరకు ఆ పాదాన్ని, దాని ఘనపరిమాణాన్ని కొలిచే ప్లెథిస్మోమీటర్ అనే పరికరంలోని ద్రవంలో ముంచి, వాపు ఎంత పెరిగిందో గంటగంటకూ కొలిచి, సారం ఇవ్వని ఎలుకలతోనూ, నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ వంటి మందు ఇచ్చిన ఎలుకలతోనూ పోలుస్తారు. నొప్పిని కొలవడం ఇంకా కష్టం. వేడి పలక మీద ఉంచిన చిట్టెలుక ఎంతసేపటికి కాలు నాకుతుందో చూసే పరీక్షలో, కేవలం మత్తు కలిగించే సారం కూడా నొప్పిని తగ్గించినట్టే కనిపిస్తుంది. అందుకే తిరిగే కడ్డీ మీద అది పడిపోకుండా నిలవగలదో లేదో విడిగా చూడవలసి ఉంటుంది. విల్లో చెట్టు బెరడుతో మొదలైన ఆస్పిరిన్ కథలో, ఆ మందు పనిచేసే తీరును 1971లో వివరించిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి దక్కింది. మీ అమ్మాయి కోరుతున్నది ఆ కోవకు చెందిన చదువు.

బయోటెక్నాలజీ బీటెక్ విషయంలో నాకున్న సందేహాలను దాచను. పేరు గంభీరంగా ఉంటుంది, కళాశాలలు ప్రకటనల్లో జన్యువుల బొమ్మలు వేస్తాయి; కానీ ఆ డిగ్రీ ఒక్కదానితోనే పరిశోధనశాలలో మంచి ఉద్యోగం దొరకడం అరుదు. నా దగ్గరికి తిరిగి వచ్చినవారిలో చాలామంది నాలుగేళ్ల తరువాత కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో చేరినవారే. అందులో తప్పేమీ లేదు, అయితే దానికి ఈ దారి చుట్టుదారి. బి.ఫార్మసీ చదివిన పిల్లకు, పరిశోధన కుదరకపోయినా, మందుల నాణ్యత పరీక్షలు, క్లినికల్ ట్రయల్స్, మందుల దుష్ప్రభావాల నమోదు వంటి పనులు ఉంటాయి. మూలికల మందులు తయారుచేసే కంపెనీల పరిశోధన విభాగాలు మీరుండే బెంగళూరులోనే ఉన్నాయి. సంపాదన ఆలస్యమయ్యే మాట నిజం, బి.ఫార్మసీ నాలుగేళ్లు, ఎం.ఫార్మసీ రెండేళ్లు. ఎం.ఫార్మసీ కోసం జాతీయ స్థాయిలో జరిగే జీప్యాట్ పరీక్షలో అర్హత సాధిస్తే ఎం.ఫార్మసీలో స్టైపెండ్‌కు అవకాశం ఉంటుంది.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ఇన్ని లెక్కలు వేసిన మీరు, "ఎలుకను చేత్తో పట్టుకుని సూది వేయగలవా, ప్రయోగం ముగిశాక దాని ప్రాణం తీయవలసి వస్తే తట్టుకోగలవా?" అని అమ్మాయిని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమెను ఆపదగిన కారణం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. బంధువుల మాటలు కావు. కళాశాల ఎంచుకునే ముందు అక్కడి జంతుశాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్, జంతు నైతిక కమిటీ ఉన్నాయో లేదో కనుక్కుని, అనుమతి దొరికితే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, అక్కడ పనిచేసే విద్యార్థులతో ఆమెనే మాట్లాడనివ్వండి. మీరు మాత్రం బయట కూర్చోండి.