దెయ్యానికి షరతు పెట్టనిదే ప్రేమకథ నడవదు

ప్రశ్న: ఆత్మలు, మోహినులు, గంధర్వులతో ప్రేమకథలు రాసేవాళ్ళకి ఆ ఆలోచనలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఏ పద్ధతిలో రాస్తారు? రాత్రిపూట రాస్తుంటే భయం వెయ్యదా? డబ్బులేమైనా వస్తాయా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పగలు సొసైటీలో యూరియా బస్తాల లెక్కలు రాస్తాను, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇవి రాస్తాను. ఫోన్లో సీరియళ్ళు చదివేవాళ్ళలో నా కథల కోసం చూసేవాళ్ళు కొంతమంది ఉన్నారు కాబట్టి జవాబు చెప్పే ధైర్యం చేస్తున్నాను.

వీటిని దెయ్యం కథలకి ప్రేమ పూత పూసినవి అనుకుంటారు చాలామంది. దెయ్యం కథ చదివేవాళ్ళ ఆత్రం "వీళ్ళు బతికి బయటపడతారా" అని. మా పాఠకుల ఆత్రం "వీళ్ళిద్దరూ ఒకటవుతారా" అని. ఇంగ్లీషువాళ్ళు దీన్ని పారానార్మల్ రొమాన్స్ అని విడిగా ఒక రకం చేసేశారు. అక్కడ నాయకుడు రక్తం తాగే పిశాచమైనా, పున్నమికి తోడేలయ్యే మనిషైనా సరే, కథ ప్రేమ మీదే నడవాలి, ముగింపులో ఆశ మిగలాలి. 1980ల్లో మన వారపత్రికల్ని ఊపేసిన చేతబడి సీరియళ్ళలోనూ ఓ జంట ఉండేది గానీ, వాళ్ళు క్షుద్రశక్తికి ఎర మాత్రమే. మా అమ్మ అవి దిండు కింద దాచుకుని చదివేది. తర్వాత నేను చదివాను. నాకేమో మాంత్రికుడి కంటే ఆ జంట సంగతి కావాలి, కథ చూస్తే ముగ్గు, నిమ్మకాయల దగ్గరే తిరుగుతుండేది.

ఇక ఆలోచనల సంగతి. "ఒక మోహిని ఒక అబ్బాయిని ప్రేమించింది" అంటే అది అట్ట మీద బొమ్మ, అంతే. దానికి ఒక షరతు తగిలించినప్పుడే కథ కదులుతుంది. ఎక్కడికంటే అక్కడికి రాగలిగి, ఏది కావాలంటే అది చేయగలిగే ఆత్మకి ప్రేమలో కష్టమేముంటుంది చెప్పండి? మూడో భాగంలో పెళ్ళయిపోతుంది, నాలుగో భాగానికి అత్తగారితో గొడవలు రాసుకోవాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఊర్వశి తనతో ఉండాలంటే పురూరవుడు ఒంటిమీద బట్ట లేకుండా ఆమె కంటబడకూడదు. గంధర్వులు రాత్రిపూట ఆమె పొట్టేళ్ళని ఎత్తుకుపోయారు, అతను ఉన్నపళాన లేచి పరిగెత్తాడు, సరిగ్గా అప్పుడే మెరుపు మెరిసింది. గంగేమో తానేం చేసినా ఎందుకని అడగొద్దంది శంతనుణ్ణి. 16వ శతాబ్దంలో పెద్దన రాసిన మనుచరిత్ర చూడండి. ప్రవరుడి మీద బెంగతో కుమిలిపోతున్న వరూధిని దగ్గరికి, అంతకుముందు ఆమె కాదన్న గంధర్వుడే ప్రవరుడి రూపంలో వస్తాడు. కలిసే వేళ కళ్ళు మూసుకోవాలంటాడు. ఆ ఒక్క షరతులో ఎంత బిగి ఉందో! కాకపోతే అలాంటి నాయకుణ్ణి నేను రాయను. రూపం మార్చి దగ్గరైనవాణ్ణి చివర్లో మంచివాణ్ణి చేసి కలిపెయ్యమని అడిగే పాఠకులున్నారు. ఎన్నిసార్లు అడిగినా వినను.

నాకు షరతులు దొరికేది నీళ్ళ దగ్గర. డెల్టాలో నీళ్ళు ఎప్పుడంటే అప్పుడు ఉండవు. తొలకరికి ధవళేశ్వరంలో గోదారి మీదున్న ఆనకట్ట దగ్గర కాలువలకి వదులుతారు, సార్వా, దాళ్వా అని రెండు వరి పంటలూ అయ్యాక ఏప్రిల్లో కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు. ఆ మీదట కాలువంటే ఎండిన గుర్రపుడెక్క, పూడిక మట్టి, పిల్లల క్రికెట్టు. ఓ వేసవిలో ఆ గట్టు మీద నడుస్తుంటే అనిపించింది, ఇందులో ఎవరైనా ఉంటున్నట్టయితే ఈ రెండు నెలలూ వాళ్ళ గతేంటి అని. మా కాలువమ్మాయి అలా పుట్టింది. నీరున్నంత మేరే ఆమె. నీళ్ళు కట్టేస్తే లేదు. ఆమెని ప్రేమించేవాడు ముందు నా మనసులో బడిపంతులు. ఉప్పు తక్కువైనట్టు ఉంది. తర్వాత కాలువ నీటిని తలుపులతో ఆపి వదిలే లొల్ల లాకుల దగ్గర ఒక సాయంత్రం కూర్చున్నప్పుడు అక్కడ పనిచేసే లస్కరుని చూశాను, ఇంక వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తలుపులు ఎత్తేదీ, దించేదీ లస్కరే. ఇంజనీరు దగ్గర్నుంచి కబురు రాగానే అతను తన చేత్తోనే తలుపులు దించి ఆమెని లేకుండా చేయాలి. దించనని మొండికేసినా లాభం లేదు, పైన ధవళేశ్వరంలోనే ఆపేస్తారు. ఆ కథలో విలనే లేడు. అవసరం పడలేదు.

అది నడుస్తున్న ఏడాది, కాలువలు కట్టేస్తున్నారని పేపర్లో పడగానే ఒకావిడ నుంచి మెసేజ్: "అక్కా, మన కాలువ కట్టేస్తున్నారంట. ఆ పిల్లనేం చేస్తారు?" చుట్టూ రైతులు దాళ్వాకి ఆఖరి తడి అందుతుందా లేదా అని గుంజాటన పడుతుంటే ఈవిడకి నా దెయ్యం బెంగ.

షరతు పెట్టాక లెక్క తప్పకూడదు. ఆ పిల్లకి మూడొందల ఏళ్ళు పెడదామంటే కుదరదు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది, అంతకుముందు మాకు ఈ కాలువలెక్కడివి? ఇంకా పాత ఆత్మ కావాలంటే గోదారి పాయలైన గౌతమిలోకో వశిష్ఠలోకో దిగాలి. లేకపోతే కోరంగి వెళ్ళాలి. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు అది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఊరినీ, ఓడల్నీ కలిపి మింగేసింది. ఇప్పుడు జనం అక్కడికి మడ అడవులు చూడ్డానికి వెళ్తారు. ఆ ఉప్పెనలో పోయిన సరంగు, అంటే ఓడ నడిపేవాడు ఒకడు, పోటు ఎక్కినప్పుడు మాత్రమే మడ వేళ్ళ మధ్య నుంచి పైకి రాగలడని రాసుకున్నాను. ఇంక పంచాంగం పక్కన పెట్టుకోక తప్పలేదు. అమావాస్యకి, పున్నమికి పోటు బలంగా ఉంటుంది, అష్టమి దగ్గర నీరసపడుతుంది. అమావాస్య రాత్రి దెయ్యం వస్తుందంటే అందరూ చీకటి అనుకుంటారు, నా కథలో అది నీటిమట్టం. అష్టమి నాడు పాపం సరంగు నడుము దాకానే తేలతాడు, మాట సగమే వినబడుతుంది. పాఠకులకి ఆ అష్టమి భాగాలే ఎక్కువ నచ్చాయి.

1996 నవంబరు 6 తుఫాను మాత్రం ముట్టుకోను. 1839లో పోయినవాళ్ళ మనవలు కూడా ఇప్పుడు లేరు. 1996లో పోయినవాళ్ళ తల్లులు మా కళ్ళముందే తిరుగుతున్నారు. అలాగే ఫలానా చెరువులో పడిన కోడలు, ఫలానా తోటలో ఉరేసుకున్న కుర్రాడు అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళ జోలికీ పోను. ఎంత మంచి కథైనా సరే.

నీళ్ళు కాకుండా ఇంకోటి ఉంది, పేరంటాలు. పసుపు కుంకుమలతో పోయిన ఆడమనిషిని ఇంటి వేల్పుగా కొలిచే కుటుంబాలు మా వైపు చాలా ఉన్నాయి. పెళ్ళి తలపెడితే ముందు ఆవిడకి చీర పెట్టాల్సిందే. పాత తరంలో పెద్దభార్య పోయాక చేసుకున్న రెండో ఆవిడ, పోయినామె పేరున చిన్న బంగారు బిళ్ళ చేయించుకుని మెడలో వేసుకునేది. మా మేనత్తని అడిగాను, "అత్తా, పెట్టిన చీర ఆవిడకి నచ్చకపోతే?" అని. "నచ్చకపోతే ఊరుకుంటుందేటే? దీపం ఒలికి నూనె మరక పడుద్ది. ఇంకో చీర కొనాల్సిందే" అంది, శనగపప్పు ఏరుకుంటూ. ఆ మాట పట్టుకునే ఒక కథ రాశాను. మొదటి భార్యకి మాట లేదు, మరకలే. రెండో ఆవిడ ఆ మరకల్ని చదవడం నేర్చుకుంటుంది. మొగుడికి వాటి సంగతేమీ తెలీదు. చివరికొచ్చేసరికి ఆ ఇంట్లో గట్టి స్నేహం ఆ ఆడవాళ్ళిద్దరిదీ. ఇది ప్రేమకథ కాదని కొందరు గొడవ పెట్టారు. నాకైతే అది ప్రేమకథే, అనుమానం లేదు.

కోపిష్టి నాయకుణ్ణి రాయాల్సి వస్తే మురమళ్ళ వెళ్ళొస్తాను. దక్షయజ్ఞం ధ్వంసం చేశాక వీరభద్రుడి ఆగ్రహం ఎవరివల్లా చల్లారలేదనీ, భద్రకాళిని చూసి శాంతించాడనీ, గాంధర్వ పద్ధతిలో పెళ్ళయిందనీ అక్కడి కథ. వీరేశ్వరస్వామికి రోజూ సాయంత్రం కల్యాణం చేస్తారు. దేవుడి కథని నా కథలోకి లాగను. కానీ ఆ కోపం రోజూ చల్లార్చాల్సిన కోపం అనే ఊహ మాత్రం నన్ను వదల్లేదు.

చోటు చూడకుండా రాయలేను. అలాగని వెళ్ళిన ప్రతి చోటా పని జరుగుతుందని కాదు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఇద్దరూ విడిపోయే ఘట్టం పెడదామని అంతర్వేది వెళ్ళాను. గోదారి నీళ్ళు, సముద్రం నీళ్ళు రెండు రంగుల్లో పక్కపక్కనే, చూడ్డానికి ఎంత బాగుందో. తీరా ఆ చోటు పేరు అన్నాచెల్లెళ్ళ గట్టు. ప్రేమికుల్ని తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టగలమా? నర్సాపురం రేవులో గోదారి దాటించే పంటు మీదికి మార్చేశాను.

పద్ధతి అడిగారు. నోటుపుస్తకం ఆఖరి పేజీలో ముందు నియమాలు రాసుకుంటాను: ఎక్కడిదాకా రాగలదు, దేన్ని తాకగలదు, దేనివల్ల మాయమవుతుంది. నాలుగోది ముఖ్యం, దీనివల్ల బతికున్న మనిషికి పోయేదేంటి? ఇది తేలకపోతే మొదలుపెట్టను. ఇప్పుడు రాస్తున్న దాంట్లో నాయకుడు రొయ్యల చెరువు కాపలాదారు. మా తమ్ముడి చెరువు గట్టు మీద కొన్ని రాత్రులు కూర్చుంటే తెలిసింది ఆ పని. తెల్లవారుజామునే నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి నీళ్ళని చిలికి గాలి అందించే ఏరియేటర్లు అప్పుడే ఆగకూడదు, అప్పుడే మనిషి మెలకువగా ఉండాలి. ఏరియేటర్ల హోరులో గజ్జెలు కాదు కదా, పక్కవాడి కేక కూడా వినపడదు. మరి ఆమె మాట అతనికి ఎప్పుడు వినపడాలి? కరెంటు పోయినప్పుడు. జనరేటరు అందుకునే దాకా ఉండే ఆ కాసేపు మాత్రమే. అతను జనరేటరు స్టార్ట్ చేయడం ఆలస్యం చేసేకొద్దీ ఆమెతో మాటలు పెరుగుతాయి, కింద రొయ్యలు తేలడం మొదలవుతుంది. పంట అప్పు చేసి వేసింది, చెరువు అతనిది కాదు. ఈ నాలుగో నియమం దొరికిన రాత్రి నిద్ర పట్టలేదు.

ముగింపు దగ్గరే అందరం ఇబ్బంది పడేది. చచ్చినవాళ్ళూ బతికున్నవాళ్ళూ ఎలా కలుస్తారు? సులువైన దారి బతికున్నవాణ్ణి కూడా చంపి పైన కలిపెయ్యడం. అది చచ్చినా రాయను. నా పాఠకుల్లో ఇంటర్ చదివే పిల్లలున్నారు. పునర్జన్మ మరీ అరిగిపోయింది. ఆఖరి భాగంలో ఏ స్వామీజీనో తెచ్చి షరతు తీసేయించడం చదివేవాళ్ళని మోసం చేయడమే. షరతు అలాగే ఉండాలి, దాని లోపలే సందు వెతకాలి. కాలువమ్మాయి కథకి ఇదెలా అని చాలా రోజులు తన్నుకున్నాక తట్టింది, కాలువ ఎండుతుంది గానీ ఆనకట్టకి ఎగువన గోదారి ఎండదు కదా! మా లస్కరు బదిలీ పెట్టుకుని ధవళేశ్వరం వెళ్తాడు. వెళ్ళే ముందు, పూర్వం పడవల్ని ఎక్కించినట్టే ఒక్కో లాకూ తీయించుకుంటూ ఆమెని ఎగువకి చేరుస్తాడు. దారి పొడుగునా ఉన్న తక్కిన లస్కర్లకి అతనేం చెప్పి తలుపులు తీయించాడన్నదే ఆఖరి నాలుగు భాగాలు.

భయం సంగతంటారా, దెయ్యాలంటే వెయ్యదు. నియమాలు రాసింది నేనే కదా, ఎక్కడిదాకా రాగలవో నాకు తెలుసు. రాత్రి ఒంటిగంటకి భాగం పెట్టేశాక రెండు నిమిషాల్లో ఎవరో చదివేసి "ఇది ముందే ఊహించాను" అని రాస్తే మాత్రం గుండె జారుతుంది.

డబ్బు వస్తుంది గానీ నెల నెలా ఒకేలా రాదు. సీరియల్ నడుస్తున్నప్పుడు వస్తుంది, ఆపితే ఆగిపోతుంది. నాకైతే ఫోను రీచార్జికి, పుస్తకాలకి, ఊళ్ళు తిరగడానికి సరిపోతోంది. యూరియా లెక్కలు మానేసేంత లేదు. పైగా ఖరీఫ్ సీజన్లో సొసైటీ దగ్గర లైన్లో నిలబడే రైతులు చెప్పుకునే కబుర్లు ఇంకెక్కడా దొరకవు.