రేసుకోర్సులో కాసిన పందెం, ఫోన్‌లో కాసిన పందెం చట్టం ముందు ఒకటేనా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది మూసారాంబాగ్, ప్రైవేటు ఉద్యోగం. ఆరేడేళ్లుగా మలక్‌పేట రేసులకు వెళ్తున్నాను. పోయిన చలికాలం సీజన్‌లో నాకు జాక్‌పాట్‌లో 86,000 తగిలింది. కౌంటర్‌లోనే 25,800 పట్టుకుని మిగతాది ఇచ్చారు. అదే సీజన్‌లో నేను పోగొట్టుకున్నది 70 వేల పైనే. ఆ నష్టం చూపించి పన్ను వెనక్కి తెచ్చుకోవచ్చా? ఇంకో సంగతి. మా బామ్మర్ది రేసుకోర్సుకు రాడు, ఒక బుకీకి ఫోన్ చేసి కాస్తాడు. లక్షా నలభై వేలు బాకీ పడ్డాడు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఆ బుకీ దగ్గరుంది. డబ్బు కట్టకపోతే చెక్ బౌన్స్ కేసు వేస్తానంటున్నాడు. గుర్రప్పందెం నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా, ఫోన్‌లో కాస్తే తప్పెలా అవుతుంది? ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: ముందు సుప్రీంకోర్టు మాట చూద్దాం. మీ బామ్మర్ది ధైర్యమంతా దాని మీదే ఉన్నట్టుంది. మీరంటున్నది 1996 జనవరిలో వచ్చిన డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసు తీర్పు. మద్రాసు రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి తమిళనాడు ప్రభుత్వం 1986లో చేసిన చట్టం మీద నడిచిన కేసు అది. గుర్రం వంశం, దాని శిక్షణ, జాకీ పనితనం, ఇవన్నీ చూసి అంచనా కట్టేది కాబట్టి గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీదే ఆధారపడుతుందని కోర్టు తేల్చింది. అంతవరకు నిజమే. కానీ అక్కడ కోర్టు ముందున్నది క్లబ్బు ఆవరణలో, క్లబ్బు నిబంధనల కింద జరిగే పందేల సంగతి. ఎవరో ఒకాయన జేబులో నోటుబుక్కు, చేతిలో రెండు ఫోన్లు పెట్టుకుని నడిపే వ్యాపారానికి ఆ తీర్పు లైసెన్సు ఇవ్వలేదు.

మన దగ్గర వర్తించేది 1974 నాటి గేమింగ్ చట్టం. డబ్బు పెట్టి కాసే పందేన్ని అది జూదం కింద లెక్కగడుతుంది. గుర్రప్పందేలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది, దానికీ రెండు షరతులు పెట్టింది. పందెం ఆ రేసు జరిగే రోజునే కాయాలి. ప్రభుత్వ అనుమతితో స్టీవార్డులు, అంటే రేసుల నిర్వహణ చూసే అధికారులు, అందుకోసం కేటాయించిన ఆవరణలోనే కాయాలి. 2017లో తెలంగాణ ఈ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా ఇందులోకి లాగింది, కాబట్టి 'ఫోనే కదా' అన్న మాట చెల్లదు.

ఈ 'ఆవరణ' అన్న మాటను చాలామంది పట్టించుకోరు. మలక్‌పేట మైదానాన్నే తీసుకోండి. 1868లో మౌలాలీలో మొదలైన రేసులను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో ఇక్కడికి మార్పించారు, తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరని. లోపల మీరు చూసేవన్నీ, అంటే స్టాండ్లు, రేసుకు ముందు గుర్రాలను తిప్పే ప్యాడక్, టోట్ కిటికీలు (క్లబ్బు తానే పందెం టికెట్లు ఇచ్చే కౌంటర్లు), అనుమతి ఉన్న బుక్‌మేకర్ల స్టాళ్లు, జనం సౌకర్యానికి కట్టినవే. అయితే లాయరు కంటికి అవి ఇంకోలా కనిపిస్తాయి. టోట్ కిటికీ దగ్గర టికెట్ చేతికొచ్చిందంటే పందెం ఎప్పుడు కాశారో, ఎంత కాశారో రికార్డు ఉన్నట్టే. గెలిస్తే డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో తెలుసు, పన్ను ఎవరు పట్టుకోవాలో తెలుసు, తగాదా వస్తే స్టీవార్డులున్నారు. గోడ దాటి బయటి ఇరానీ హోటల్లో కూర్చుని అదే రేసు మీద, అదే గుర్రం మీద కాస్తే ఇవేవీ ఉండవు, పైగా నేరం. (ఈ పందేల మీద పన్ను వేయడానికి హైదరాబాద్ సంస్థానంలో చేసిన చట్టం పేరులో సంవత్సరం నిజాం కాలపు రెవెన్యూ క్యాలెండర్ లెక్కలో 1358 ఫసలీ అని ఉంటుంది. పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు అది కనిపిస్తే నాకెందుకో సరదాగా ఉంటుంది.)

జనం బయట ఎందుకు కాస్తారో నాకూ తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం, అదీ క్లబ్బు కమీషన్ మీద కాదు, మీరు కాసే మొత్తం మీద. గెలిస్తే టీడీఎస్, అంటే డబ్బు చేతికివ్వకముందే పట్టుకునే పన్ను, వేరే. బుకీ దగ్గర ఈ రెండూ లేవు. పైగా అరువు ఇస్తాడు. ఆ అరువే ఇప్పుడు మీ ఇంటి మీదికి వచ్చింది.

ఇక చెక్కు విషయం. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచినవాడు కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేడు. ఫోన్ పందెం పైగా చట్టం నిషేధించిన పని, కాబట్టి చట్టవిరుద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం చెల్లదనే సెక్షన్ 23 కూడా అడ్డొస్తుంది. చెక్ బౌన్స్ కేసు, అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138, నిలబడాలంటే ఆ చెక్కు వెనక చట్టప్రకారం వసూలు చేయదగిన బాకీ ఉండాలి. పందెం బాకీ అలాంటిది కాదు.

ఇది చదివి ఊపిరి పీల్చుకోవద్దు. ఏ బుకీ కూడా 'పందెం బాకీ' అని కోర్టులో రాయడు. 'స్నేహితుడు కదా అని చేబదులు ఇచ్చాను' అంటాడు. సెక్షన్ 139 కింద కోర్టు మొదట అతని మాటే నమ్మి మొదలుపెడుతుంది. ఖాళీ చెక్కు ఇచ్చాను, అంకె నేను వేయలేదు అన్నా లాభం లేదు. సంతకం మీదైతే చాలని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకుకు వెళ్లి స్టాప్ పేమెంట్ ఇస్తే కేసు తప్పిపోతుందన్నదీ భ్రమే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 'అది ఫోన్ పందెం బాకీ' అని మీ బామ్మర్ది లిఖితపూర్వకంగా చెబితే, గేమింగ్ చట్టం కింద తన తప్పు తనే ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో నేను క్లయింటును తొందరపడి మాట్లాడనివ్వను. అవతలివాడిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సినవి అడిగితే చాలాసార్లు సరిపోతుంది. అంత డబ్బు ఎక్కడిది? ఏ రోజు ఇచ్చావు? నగదా, బ్యాంకా? రిటర్నుల్లో చూపించావా? అనుమానం పుట్టించడానికి నిందితుడు బోనెక్కి సాక్ష్యం చెప్పే తీరాలని లేదు. వాట్సాప్ చాట్లు చెరిపేయకండి, అలాగని పది మందికీ ఫార్వర్డ్ చేయకండి. వాటిని వాడాలా వద్దా అన్నది మీ లాయరు తేలుస్తారు.

ఒక్కటి మాత్రం అడిగి తెలుసుకోండి. బుకీకి కట్టడానికి వేరే స్నేహితుల దగ్గర గానీ, మీ అత్తగారి దగ్గర గానీ అప్పు తెచ్చాడా? పందెం ఒప్పందం చెల్లకపోయినా, దాని పక్కన చేసుకున్న అప్పు ఒప్పందం అదే కారణంతో పోదని 1959లోనే ఘేరూలాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి అప్పు తీర్చాల్సిందే అనుకోండి.

బుకీ మనుషులు ఇంటికొచ్చి బెదిరిస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 308, 351 సెక్షన్ల కింద ఫిర్యాదు చేయవచ్చు. దానికీ ముందు లాయరుతో మాట్లాడాకే స్టేషన్‌కు వెళ్లండి, కారణం పైన చెప్పిందే.

మీ జాక్‌పాట్ సంగతి తేలిక, కాకపోతే జవాబు మీకు నచ్చదు. గుర్రప్పందెం గెలుపు మీద పన్ను నేరుగా 30 శాతం. ఓడిన టికెట్లు ఎన్ని దాచినా వాటిని గెలుపులోంచి తీసేయనివ్వరు. మిగతా ఆదాయం తక్కువైనా సరే, ప్రాథమిక మినహాయింపు దీనికి వర్తించదు, కాబట్టి రీఫండ్ ఇప్పిస్తానని ఎవరైనా కమీషన్ అడిగితే నమ్మకండి. పైగా టీడీఎస్‌లో కలవని 4 శాతం సెస్ ఉంది, మీ లెక్కలో అది 1,032 రూపాయలు. పదివేలు దాటని గెలుపుల మీద కౌంటర్‌లో పట్టుకోరు గానీ, అవీ ఆదాయమే, మీరే చూపించాలి. రిటర్ను ఫారాల్లో ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి, 30 శాతం మాత్రం మారలేదు. పన్ను పట్టుకున్నట్టు క్లబ్బు ఇచ్చే సర్టిఫికెట్, ఫారం 16ఏ, తీసుకోండి.

చివరగా తేదీల లెక్క. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు బుకీ నోటీసు పంపాలి. అది అందిన రోజు నుంచి మీ బామ్మర్దికి 15 రోజుల గడువు. పోస్టులో నోటీసు వస్తే 'ఇంట్లో లేడు' అని తిప్పి పంపకండి, అందినట్టే లెక్కవేస్తారు. తీసుకుని, కవరు మీద తపాలా ముద్రతో సహా భద్రంగా పెట్టి, ఆ వారంలోనే లాయరుతో జవాబు ఇప్పించండి.