రోజంతా రీల్స్ చూసే కొడుకు, అరవై వేల కోర్సు

ఏలూరు నుంచి ఒక తండ్రి రాశారు. బట్టల షాపు ఉంది, కొడుకు బీకాం సెకండియర్, రోజుకి ఐదారు గంటలు ఇన్‌స్టాలోనే, అరిస్తే "నా ఫీల్డే అది నాన్నా, డిజిటల్ మార్కెటింగ్" అంటున్నాడట. హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సు అరవై వేలు, అందులో చేర్పించాలా, డిగ్రీ అయ్యాక ఎంబీఏనా అని అడుగుతున్నారు.

సార్, ఆ కోర్సు సంగతి ఫేస్‌బుక్ యాడ్‌లో చూశానని మీరే రాశారు. బహుశా "బీకాం తర్వాత ఏంటి" అని నాలుగు వీడియోలు చూసుంటారు, ఇంకేముంది, వంద శాతం ప్లేస్‌మెంట్ అంటూ మీ ముందుకి వచ్చేసింది. మీవాడు నేర్చుకుంటానంటున్న పని మీ మీద ఆల్రెడీ జరిగిపోయిందన్నమాట!

యూట్యూబ్, ఇన్‌స్టా మన దగ్గర పైసా తీసుకోకుండా నడుస్తున్నాయంటే మనం చూసే టైమ్‌ని యాడ్స్ ఇచ్చేవాళ్లకి అమ్ముకుంటున్నాయి కాబట్టి. రీల్స్ చూసినంత మాత్రాన యాడ్స్ పెట్టి అమ్మడం రాదు, రోజూ హోటల్లో తినేవాడికి వంట రానట్టే. అసలు పని చాలావరకు లెక్కలు, యాడ్ వెయ్యిసార్లు చూపించడానికి ఎంత పడింది, క్లిక్‌కి ఎంత, క్లిక్ చేసినవాళ్లలో కొన్నదెవరు, రేపు ఏ యాడ్ ఆపాలి, ఇదంతా ఎక్సెల్ ముందు కూర్చుని చూసుకోవాలి.

నా డౌట్లు కూడా చెప్పేస్తా. 2020లో టిక్‌టాక్ బ్యాన్ అయ్యి, వెంటనే రీల్స్ వచ్చిన ఊపులో అడిగినవాళ్లందరికీ నేనూ ఇదే కోర్సు చెప్పా, ఇప్పుడు చెప్పట్లేదు. యాడ్ పెట్టడానికి ఎక్కడ నొక్కాలో నేర్పే కోర్సులే ఎక్కువ, ఆ నొక్కుడు చాలావరకు ఇప్పుడు గూగుల్, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టా వాళ్ల కంపెనీ) సాఫ్ట్‌వేరే చేసేసుకుంటోంది. ఆ మాత్రం పాఠాలు గూగుల్ స్కిల్‌షాప్‌లో సర్టిఫికెట్‌తో సహా ఫ్రీ. ఇక ఇన్‌ఫ్లుయెన్సర్ అవుతానంటాడేమో, యూట్యూబ్‌లో మామూలు వీడియోలకి యాడ్ డబ్బుల్లో వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వ్యూస్ కావాలి. అది దాటినా చాలామందికి అసలు ఆదాయం ప్రమోషన్లే, ఏది పడితే అది ప్రమోట్ చేస్తే ఏమవుతుందో 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లు ప్రమోట్ చేసినవాళ్ల మీద కేసులు చూశాం కదా.

కోపంలో వాడి ఫోన్ నేలకేసి కొట్టానని రాశారు. ఏం సాధించారు సార్? షాపులో గిరాకీ లేనప్పుడు మీ చేతిలో ఉండేదేంటో వాడు చూడట్లేదా? ఆ యాప్‌లని స్క్రోలింగ్ ఆపనివ్వకుండానే తయారు చేశారు, మీకే ఆగట్లేదు, పంతొమ్మిదేళ్లోడికి ఆగుతుందా.

కంగారు పడకండి, వాడేం చెడిపోలేదు, చేతిలో ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ అరవై వేలల్లోంచి మూడు వేలు వాడికివ్వండి. మీ షాపుకే ఇన్‌స్టాలో యాడ్ పెట్టమనండి, రోజుకి రెండొందలు, ఏలూరు చుట్టుపక్కల పది కిలోమీటర్లు, చూసినవాళ్లు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేలా. పదిహేను రోజులయ్యాక ఎంతమంది అడిగారు, ఎంతమంది షాపుకొచ్చారు, ఎంత అమ్మారు అని కాగితం మీద రాసి చూపించమనండి. లాస్ వచ్చినా పర్లేదు, ఎందుకొచ్చిందో చెప్పగలిగితే పనికొస్తాడు. రెండో రోజుకే విసుగొచ్చి మళ్లీ రీల్స్‌లో పడితే మీకు అరవై వేలు మిగిలినట్టే.

ఎంబీఏ అంటారా, మంచి కాలేజీలో సీటొస్తే చేయించండి, ఏదో ఒక కాలేజీ అయితే వద్దు. ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్ సంగతి అప్పుడు చూద్దాం, ముందు బీకాం బ్యాక్‌లాగ్స్ లేకుండా పాసవ్వాలి.

ఆ యాడ్స్ అకౌంట్‌లో మాత్రం రోజువారీ లిమిట్ మీరు పక్కన కూర్చుని పెట్టించండి, రెండొందల బదులు పొరపాటున రెండు వేలు టైప్ చేసేసినవాళ్లని చూశాను.