ముందు ముక్కుకి పని చెప్పండి

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్స్‌లో బోర్డోలో చదువుకుంటోంది. వచ్చే నెల మేమిద్దరం తన దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ లా సిటే ద్యు వాన్ అని వైన్ గురించి నేర్పే పెద్ద మ్యూజియం లాంటిది ఉందట. టిక్కెట్లు కూడా తీసేసింది. నేను వైన్ ఎన్నడూ తాగలేదు. మా వారు ఎప్పుడో ఒక పార్టీలో రెడ్ వైన్ ఒక గుక్క తాగి, నోరంతా పిడచగట్టినట్టుందని గ్లాసు పక్కన పెట్టేశారు. అక్కడికి వచ్చేవాళ్ళంతా తెలిసినవాళ్ళే అయ్యుంటారు కదా. గ్లాసు ఎలా పట్టుకోవాలో కూడా తెలియని మేం వెళ్తే నవ్వులపాలవుతామేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలి? ఏం తాగాలి? అసలు తాగకపోతే ఏమైనా అనుకుంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: నవ్వేవాళ్ళెవరూ ఉండరమ్మా. ఆ భయాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి. వైన్ బాగా తెలిసినవాళ్ళు బోర్డో వస్తే నేరుగా తోటలకి పోతారు. గరోన్ నది ఒడ్డున ఆ భవనాన్ని 2016లో తెరిచింది తెలియనివాళ్ళ కోసమే. పిల్లల్ని వెంటేసుకుని వచ్చే కుటుంబాలు కూడా కనిపిస్తాయి. నేను చాలా ఏళ్ళు హోటల్లో వైన్ వడ్డించాను, కుర్రాళ్ళకి వడ్డించడం నేర్పాను. నా అనుభవంలో ఇబ్బంది పెట్టేది తెలియనివాళ్ళు కాదు, సగం తెలిసినవాళ్ళు.

భవనం దూరం నుంచే కనిపిస్తుంది. 55 మీటర్ల ఎత్తు, గాజు, అల్యూమినియం పలకలతో ఒళ్ళు విరుచుకుంటున్నట్టు ఉంటుంది. గ్లాసులో తిప్పిన వైన్‌ని తలపించేలా కట్టామని ఆర్కిటెక్టులు అంటారు. నాకైతే ఫొటోకి బాగుంటుంది, అంతే. అసలు సరుకంతా లోపలుంది.

ముఖ్యమైన ప్రదర్శన దాదాపు 3000 చదరపు మీటర్లు. వరస ప్రకారం నడవాలన్న నిబంధన లేదు, ఎటైనా తిరగొచ్చు. చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ ఇస్తారు, మీరు ఏ బల్ల దగ్గరికి వెళ్తే అక్కడి మాటలు వినిపిస్తాయి. తెలుగు లేదు గానీ ఇంగ్లీషు ఉంది, కాబట్టి అమ్మాయి పక్కనే నిలబడి అనువాదం చేయాల్సిన పని లేదు. అన్నీ చూసేద్దామని మాత్రం పెట్టుకోకండి. తెరల మీద మాట్లాడేవాళ్ళు చాలామంది ఉంటారు. ఒక్కొక్కరి మాట పూర్తిగా వింటూ కూర్చుంటే రెండో గంటకే కళ్ళు మూతలు పడతాయి. లోకంలోని ద్రాక్షతోటలన్నిటినీ ఆకాశం నుంచి తీసిన వీడియోలు చూడండి, బాగుంటాయి. జార్జియా గురించి ఎక్కడ కనిపించినా ఒక్క నిమిషం ఆగండి. అక్కడి మట్టికుండల పెంకుల్లో దొరికిన ద్రాక్ష రసాయనాల ఆనవాళ్ళని బట్టి వైన్ చేయడం దాదాపు 8000 ఏళ్ళ కిందటే ఉందని 2017లో తేల్చారు. ఈ రోజుకీ అక్కడ పెద్ద పెద్ద కుండల్ని నేలలో పాతి వైన్ పులియబెడతారు. మిగతా చరిత్రలో రాజులూ వ్యాపారులూ పడవలూ ఉంటాయి. ఓపిక ఉంటే చూడండి.

మీరు ఎక్కువసేపు ఉండాల్సింది మాత్రం వాసనల బల్ల దగ్గర. గంట ఆకారంలో ఉన్న గాజు మూతల కింద పళ్ళు, మసాలాలు, పువ్వులు, తోలు, చెక్క లాంటివి పెట్టి, వాటికో గొట్టం అమర్చి ఉంటారు. పక్కనున్న రబ్బరు బంతి నొక్కితే ఆ వాసన గుప్పున ముక్కుకి తగులుతుంది. అందరూ ఏం చేస్తారంటే, వస్తువు చూసి, పేరు చదివి, బంతి నొక్కి, 'అవును, అదే' అనుకుని పక్కదానికి పోతారు. అలా అయితే ఏమీ నేర్చుకోలేదన్నమాట. మీరు కళ్ళు మూసుకోండి. మీ వారిని బంతి నొక్కమనండి. వాసన రాగానే నోటికొచ్చిన మాట అనేయండి: పాత పుస్తకం, తడిసిన మట్టి, కొత్త చెప్పులు, ఏదైనా సరే. తర్వాతే కళ్ళు తెరిచి చూడండి. తర్వాత ఆయన వంతు. మీ ఇద్దరికీ కుదరకపోతే గొడవపడకండి, ఇద్దరూ కరెక్టే అయ్యుండొచ్చు. మిరియాల వాసననే తీసుకోండి. సిరా అనే ద్రాక్షతో చేసిన వైన్లలో అది వస్తుంది. దానికి కారణమైన రోటన్‌డోన్ అనే పదార్థాన్ని సుమారు అయిదుగురిలో ఒకరి ముక్కు అసలు పట్టుకోలేదు. ఆ ఒక్కరూ మీ వారైతే, ఎంత పీల్చినా ఆయనకి ఏమీ తెలియదు.

ఎప్పుడో ఒక చోట ఇలాంటి అభ్యాసంలోనే, నేను రాసిన వాసన పేరు చూసి అక్కడి పెద్దమనిషి ఎర్ర పెన్నుతో కొట్టేసి తన మాట రాశాడు. ముక్కు నాది, దిద్దేది ఆయన! అలాంటి చోట మళ్ళీ అడుగు పెట్టలేదు. సిటే ద్యు వాన్‌లో ఆ బాధ లేదు, మార్కులు వేసేవాడు ఎవడూ ఉండడు.

ఇంతగా ముక్కు గురించి ఎందుకు చెప్తున్నానంటే, నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రుచి లాంటి ఉమామి, అంతే. మిగతాది చాలావరకు వాసనే. ముక్కు గట్టిగా మూసుకుని ఏదైనా ఒక గుక్క తాగి చూడండి, తర్వాత ముక్కు వదలండి. వదిలిన క్షణంలో పండో పువ్వో ఏదో ఒకటి నోట్లోకి వచ్చి పడుతుంది. అందుకే ఆ రోజు అత్తరు, సెంటు ఏవీ వద్దు. మీకే కాదు, పక్కవాళ్ళకీ ఇబ్బంది. పుదీనా రుచి టూత్‌పేస్ట్‌తో పళ్ళు తోముకున్న వెంటనే కూడా వెళ్ళకండి.

మీ వారి నోరు పిడచగట్టిన సంగతికి వస్తాను. అది ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్‌ల వల్ల వచ్చే వగరు. ఎక్కువ రకాల నల్ల ద్రాక్షలో కూడా రసానికి రంగుండదు. రెడ్ వైన్ చేసేటప్పుడు తొక్కల్ని రసంలోనే నానబెడతారు, రంగూ వగరూ రెండూ అలాగే దిగుతాయి. వైట్ వైన్‌కి సాధారణంగా ముందే పిండి తొక్కలు తీసేస్తారు. షాంపేన్ చాలావరకు నల్ల ద్రాక్షతో చేసినా తెల్లగా ఉండేది అందుకే. బోర్డో రెడ్ వైన్లలో ముఖ్యమైన కాబెర్నే సావిన్యోన్‌కి తొక్క మందం, గింజ ఎక్కువ. మొదటి గుక్కే దానితో మొదలుపెడితే మీ వారిలాంటివాళ్ళు సగం మంది అక్కడే ఆగిపోతారు.

టిక్కెట్టులోనే ఒక గ్లాసు కలిసి ఉంటుంది. అది ఎనిమిదో అంతస్తులో, 35 మీటర్ల ఎత్తున ఉన్న బెల్వెడేర్‌లో ఇస్తారు. చుట్టూ గాజు గోడలు, కింద నదీ ఊరూ కనిపిస్తాయి. పైకప్పు నిండా సీసాలు వేలాడదీసి ఉంటాయి, అది చూడాల్సిందే. రకరకాల దేశాల వైన్లుంటాయి. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళకి పేర్లు చెప్పనక్కర్లేదు. 'మేం మొదటిసారి తాగుతున్నాం, వగరు వద్దు' అంటే చాలు. మీకు తేలికైన వైట్ వైన్, ఆయనకి తియ్యటిదేమైనా ఉందేమో అడగండి. సోటెర్న్ ఉంటే ఆయనకి అదే ఇప్పించండి. బోర్డోకి ఆగ్నేయంగా, అదే పేరున్న ప్రాంతంలో సిరాన్ అనే చల్లటి వాగు గరోన్‌లో కలిసే చోట శరదృతువులో పొద్దున్నే పొగమంచు పడుతుంది. ఆ తేమకి ద్రాక్ష మీద ఒక రకం బూజు పట్టి, కాయలో నీరు తగ్గి తీపి చిక్కబడుతుంది. బూజు పట్టిన కాయతో చేశారని చెప్తే ఆయన తాగరనుకుంటే, తాగిన తర్వాతే చెప్పండి.

గ్లాసుని కింద సన్నని కాడ దగ్గర పట్టుకోవాలి. చేతి వేడి తగలకూడదనే తప్ప అందులో పెద్ద మర్యాద ఏమీ లేదు. బల్ల మీదే పెట్టి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, చొక్కా మీద పడదు. వాసన చూడండి, చిన్న గుక్క తీసుకోండి, వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి.

తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ద్రాక్ష రసం అడిగితే ఇస్తారు, పిల్లలకి ఇచ్చేదీ అదే. ఫ్రాన్స్‌లో 18 ఏళ్ళ లోపు వాళ్ళకి మద్యం అమ్మరు. వాసనల బల్ల దగ్గర నేర్చుకోవడానికి గ్లాసు పట్టనక్కర్లేదు. మందులు వాడుతున్నట్టయితే రసమే తీసుకోండి.

తెలిసినవాళ్ళ గురించి ఒక మాట. బోర్డో విశ్వవిద్యాలయంలోనే వైన్ తయారీ చదువుతున్న 54 మంది విద్యార్థులకి ఒక వైట్ వైన్‌నీ, అదే వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇంకో గ్లాసునీ ఇచ్చారు. 2001లో అచ్చయిన పరిశోధన ఇది. రంగు చూసి వాళ్ళు రెండో గ్లాసుకి రెడ్ వైన్‌కి వాడే మాటలే రాశారు. కళ్ళు అంతగా మోసం చేస్తాయి. చదువుకుంటున్న వాళ్ళకే అలా అయితే మీరు భయపడాల్సింది ఏముంది?

ప్రశ్న: ఒక టేస్టింగ్ క్లాసుకి వెళ్ళాను. బల్ల మీద ఉమ్మే గిన్నె పెట్టారు. డబ్బులిచ్చి కొన్నది ఉమ్మేయడమేంటని నేను తాగేశాను. పైగా పక్కాయన, గ్లాసు లోపల జారే చారలు ఎంత ఎక్కువుంటే అంత మంచి వైన్ అన్నాడు. నిజమేనా?
– ఒక ఉద్యోగి

జవాబు: ఉమ్మడం అక్కడ పద్ధతి తమ్ముడూ, అవమానం కాదు. రోజుకి పదుల రకాలు రుచి చూసేవాళ్ళు ఉమ్మకపోతే మధ్యాహ్నానికి కింద పడతారు. నాలుగో గ్లాసు దాటాక మీరు రాసుకున్న మాటలు మరుసటి రోజు చదివి చూడండి, అన్నీ 'సూపర్' అనే ఉంటాయి. గిన్నె దగ్గరికి వంగి, పెదాలు ముందుకి చేసి, సన్నని ధారగా వదలాలి. ఇంట్లో సింకు దగ్గర మంచినీళ్ళతో అలవాటు చేసుకోండి.

చారల విషయంలో పక్కాయన చెప్పింది తప్పు. గ్లాసు అంచున ఆల్కహాల్ తొందరగా ఆవిరవుతుంది. అక్కడ మిగిలిన ద్రవంలో నీటి పాలు పెరిగి తలతన్యత, అంటే ద్రవం పైపొరని బిగించి పట్టే బలం, ఎక్కువవుతుంది. అది కింది వైన్‌ని పైకి లాగుతుంది, బరువెక్కాక చుక్కలు చుక్కలుగా జారుతుంది. జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త 1855లోనే ఈ సంగతి వివరించారు. చారలు చూసి ఆల్కహాల్ ఎక్కువుందేమోనని ఊహించొచ్చు తప్ప రుచి గురించి ఏమీ తెలియదు. తమాషా ఏంటంటే, పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకి తరగతులు కట్టిన జాబితా కూడా 1855దే. దళారులు అప్పటి ధరలు చూసి రాసిన ఆ వరస దాదాపు అలాగే నడుస్తోంది. 1973లో మూటాన్ రోత్‌షిల్డ్ అనే తోట వైన్‌ని మొదటి తరగతికి పెంచడం అందులో పెద్ద మార్పు. ధరని బట్టి కట్టిన తరగతి ఆ తర్వాత ధరని నిలబెట్టడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ప్రశ్న: వైన్ మ్యూజియం చూసొచ్చిన మా స్నేహితుడు రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకి మంచిదంటూ మొదలుపెట్టాడు. నేనూ మొదలుపెట్టనా?
– ఒక రిటైర్డ్ పాఠకుడు

జవాబు: వద్దండీ. మద్యం ఎంత కొద్దిగా తీసుకున్నా ఆరోగ్యానికి సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలోనే దాన్ని చేర్చారు. వైన్ గురించి ఇష్టంగా రాసేదాన్ని నేనే చెప్తున్నాను, గుండె పేరు చెప్పి గ్లాసు పట్టకండి. మీ స్నేహితుడిని తన గుండె డాక్టరుతో మాట్లాడమనండి.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. బోర్డోలో పొద్దున సిటే ద్యు వాన్ చూసి, మధ్యాహ్నం అద్దె కారులో సెంటెమిలియోన్ వెళ్ళి తోటల్లో టేస్టింగ్ చేద్దామనుకుంటున్నాం. కుదురుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: కారు ఆలోచన మానేయండి. ఫ్రాన్స్‌లో డ్రైవరు రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు చేరకూడదు. అక్కడ కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకైతే 0.2 గ్రాములే, అంటే ఒక్క గ్లాసు కూడా కుదరదన్నట్టే. పొద్దున బెల్వెడేర్‌లో ఒకటి, తోటలో మూడు అంటే మీ నలుగురిలో స్టీరింగు పట్టగలిగేవాడు ఒక్కడూ మిగలడు.

పైగా రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ బుర్రకెక్కదు. మొదటి రోజు సిటే ద్యు వాన్. బి లైను ట్రామ్ ఎక్కితే భవనం దగ్గరే దింపుతుంది, స్టాపు పేరు కూడా అదే. రెండో రోజు బోర్డో సెన్ జాన్ స్టేషన్లో సెంటెమిలియోన్ రైలెక్కండి, అరగంటకి కాస్త ఎక్కువ పడుతుంది. అక్కడ స్టేషన్ నుంచి ఊళ్ళోకి తోటల మధ్య నుంచే నడిచి వెళ్ళాలి, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. ఒకే రాతిని తొలిచి భూమి కింద కట్టిన చర్చి ఉంది, టేస్టింగ్‌కి ముందే చూసేయండి, తర్వాత మెట్లు దిగడం కష్టం. తిరుగు రైలు టైము కూడా పొద్దున్నే చూసి పెట్టుకోండి.