ఆ ఫోల్డర్‌ను వదిలేయమని చెప్పే ముందు

చిన్నా,

షాపుల కోసం బిల్లుల ప్రోగ్రాం రాశావని మీ అమ్మ చెబితే మురిసిపోయాను. అంతలోనే, దాన్ని యాంటీవైరస్ పట్టుకుంటోందనీ, అది ఉన్న ఫోల్డర్‌ను యాంటీవైరస్ చూడకుండా వదిలేసే మినహాయింపుల్లో పెట్టుకోమని షాపుల వాళ్ళకు చెప్పబోతున్నావనీ అంది. ఇక నిద్ర పట్టలేదు.

అది తప్పుడు హెచ్చరికే కావచ్చు. పైథాన్ ప్రోగ్రాంలను మూట కట్టే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కట్టిన ప్రోగ్రాం తెరవగానే తన మూట తానే విప్పుకుని నడుస్తుంది. వైరస్‌లు రాసేవాళ్ళలోనూ కొందరు అదే మూట కడతారు, అందుకే అనుమానం.

2009లో మా ఆఫీసులో తెలుగు ఫాంట్లు మార్చే చిన్న ప్రోగ్రాం ఉండేది. యాంటీవైరస్ రోజూ దాన్ని పట్టుకునేది. ఆరా తీశాను, నిజంగానే పొరపాటు. విసుగెత్తి ఆ ఫోల్డర్ మొత్తాన్ని మినహాయించాను. నా తీర్పు సరైనదే, ఆ రోజుకు. నాలుగు నెలలకు ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో శాలిటీ అనే వైరస్ వచ్చింది. అది కంప్యూటర్లో అప్పటికే ఉన్న ప్రోగ్రాంల ఒంట్లోకే దూరే రకం. మా ఫాంట్ల ప్రోగ్రాంలోకీ దూరింది. పేరు అదే, బొమ్మ అదే. మిగతా చోట్ల ఎంత శుభ్రం చేసినా, నేను కాపలా తీసేసిన ఆ ఫోల్డర్ నుంచి మళ్ళీ పుట్టుకొచ్చేది. పదిహేడు కంప్యూటర్లు, అదీ జీతాల బిల్లులు వెళ్ళాల్సిన వారం! మూడు రాత్రులు విండోస్ ఎక్కిస్తూ కూర్చున్నాను. మీ అమ్మ క్యారియర్ తెచ్చేది. నాలుగేళ్ళ నువ్వు సీడీ పళ్ళెం మీట నొక్కి, అది బయటికి రాగానే కిలకిలా నవ్వేవాడివి. ఒకసారి సగం ఎక్కిన విండోస్ ఆగిపోయింది. గట్టిగా అరిచాను, నువ్వు బిక్కమొహం వేశావు. ఆ మొహం ఇంకా గుర్తుంది నాన్నా.

పట్టుబడ్డ ఫైలును యాంటీవైరస్ విడిగా బంధించి ఉంచే క్వారంటైన్‌లోనే ఉండనీ. నువ్వు కట్టిన ఫైలుకూ షాపులో ఉన్నదానికీ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరుస, తీసి పోల్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది నీది కాదు. అదే హ్యాష్‌ను, ఫైళ్ళను చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైటులో వెతుకు. దొరకకపోతేనే ఫైలు ఎక్కించు. అక్కడ పెట్టినది ఇతరులకూ అందుతుంది, కనుక పాస్‌వర్డులు, షాపు లెక్కలు అందులో ఉండకూడదు. అక్కడి డెబ్బై దాకా యాంటీవైరస్ ఇంజిన్లలో ఒకటి రెండే, అదీ ఏ వైరస్సో తేల్చని ఏదో మామూలు పేరు చెబితే పొరపాటు కావచ్చు. కొత్త వైరస్ కూడా మొదటి రోజు అలాగే కనిపిస్తుంది, రెండు రోజులాగి మళ్ళీ చూడు.

స్వయంగా రాశాను కదా అనకు. నీ లాప్‌టాప్‌కే ఏదైనా సోకి ఉంటే? శుభ్రమైన ఇంకో కంప్యూటర్‌లో కట్టి చూడు, ఈసారి ఒకే ఫైలుగా కాకుండా ఫోల్డరుగా. అప్పటికీ పట్టుకుంటే ఆ యాంటీవైరస్ కంపెనీకే పంపు. అలాంటివి పరిశీలించడానికి వాళ్ళకు ప్రత్యేకంగా పేజీ ఉంటుంది.

అంతవరకూ షాపుల వాళ్ళతో ఏమీ అనవద్దు. ఆదివారం లాప్‌టాప్ తీసుకుని రా, కలిసి చూద్దాం. దానికి సీడీ పళ్ళెం లేదట కదా, బతికిపోయాను.

మీ పెద్దమ్మ