విశాఖ ఓడరేవు వచ్చే ఏడాది చట్టపరంగా ముందుగా కోరవలసింది ఏమిటి?

2025లో పార్లమెంటు ఓడరేవులకూ నౌకా రవాణాకూ సంబంధించి ఐదు చట్టాలు చేసింది కదా, ఇక విశాఖపట్నం పోర్ట్ అథారిటీ వంటి ప్రభుత్వ సంస్థ వచ్చే ఏడాది చట్టసభల నుంచి, కేంద్రం నుంచి కోరుకోవడానికి ఏం మిగిలి ఉంటుందని మీరు అడిగారు. విశాఖలో కస్టమ్స్ క్లియరింగ్ పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, సరుకు దించుకునేవాడికీ రేవు పక్కన బతికేవాడికీ నేరుగా తగిలే విషయాలు చాలావరకు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిలో అధిక భాగం కేంద్రం చేసే నియమాల్లోనూ, బోర్డు చేసే రెగ్యులేషన్లలోనూ, రేట్ల పట్టికలోనూ తేలవలసినవి. ఒక్క విషయానికి మాత్రం చట్ట సవరణే కావాలని నా అభిప్రాయం.

ముందు నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం, 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం, 1925 నాటి సముద్ర సరుకు రవాణా చట్టం, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం తొలగిపోయి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. తీరం వెంబడి సాగే నౌకా రవాణాకు విడిగా ఒక చట్టం ఏర్పడింది. విశాఖ వంటి ప్రధాన ఓడరేవుల అంతర్గత పాలన మాత్రం 2021 నాటి మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం కిందనే సాగుతోంది. ఆ చట్టం వచ్చాక, అంతకుముందు టారిఫ్ అథారిటీ చేతిలో ఉన్న రేట్ల నిర్ణయాధికారం రేవు బోర్డుకే వచ్చింది. దానికి ముందున్న 1963 నాటి మేజర్ పోర్ట్ ట్రస్ట్స్ చట్టం కింద ట్రస్టీలుగా కూర్చునే నౌకా యజమానుల, వర్తకుల ప్రతినిధుల స్థానాలు పోయి, ఇద్దరు ఉద్యోగ ప్రతినిధులతో పాటు ప్రభుత్వ శాఖల వారు, స్వతంత్ర సభ్యులు ఉన్న చిన్న బోర్డు వచ్చింది. చిన్న బోర్డు త్వరగా నిర్ణయాలు తీసుకుంటుందన్న మాట నిజమే. అయితే రేట్లు కట్టేవాడికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేనప్పుడు, ఆ బోర్డు రాసుకునే రెగ్యులేషన్లు ఎంత స్పష్టంగా ఉంటే అతనికి అంత రక్షణ.

గడువు దాటి సరుకు రేవులో ఉన్నందుకు వేసే రుసుమును డెమరేజ్ అంటారు. నా దృష్టిలో మొదటి ప్రాధాన్యం డెమరేజ్‌ది. ఇది ఎంత బాధాకరమైన విషయమో బయటివారికి సులువుగా అర్థం కాదు కాబట్టి నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి చెబుతాను. పలాసలో చిన్న జీడిపప్పు కర్మాగారం నడిపే ఒకాయన పశ్చిమాఫ్రికా నుంచి ముడి జీడిపిక్కలు తెప్పించుకున్నారు. తూర్పు తీరంలోని ఒక రేవులో ఆ కంటైనర్లు దిగాక, పత్రాల్లో ఒక కంటైనర్ నంబరులో అంకె తేడాగా ఉందని కస్టమ్స్ అధికారులు సరుకు నిలిపివేశారు. విచారణ వారాల తరబడి సాగింది. పొరపాటు ఎగుమతిదారు దగ్గర టైపు చేయడంలో జరిగిందని చివరికి వారే తేల్చి, జరిమానా ఏమీ లేకుండా సరుకు విడిచిపెట్టారు. ఇన్నాళ్లూ సరుకు తమ ఉత్తర్వు వల్లే ఆగిందని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ కాగితం తీసుకుని వెళ్తే టెర్మినల్ వారు తమ రేట్ల పట్టిక చూపించారు, షిప్పింగ్ లైన్ వారు తమ ఒప్పందంలోని షరతు చూపించారు. స్థలం అద్దె అయిన గ్రౌండ్ రెంటు టెర్మినల్ వారికి, కంటైనర్ ఆలస్యంగా తిరిగి ఇచ్చినందుకు వేసే డిటెన్షన్ చార్జీ షిప్పింగ్ లైన్ వారికి కట్టాకే గేట్ పాస్ చేతికి వచ్చింది. తలుపులు తెరిచేసరికి కంటైనర్ పైకప్పు లోపలివైపు చెమర్చి నీటి చుక్కలు వేలాడుతున్నాయి. తలుపు వైపు వరుసల్లోని గోనె సంచులు తడిసి బూజు వాసన కొడుతున్నాయి. అక్కడికక్కడే పిక్కలను చీల్చి చూస్తే లోపలి పప్పు చాలావాటిలో నల్లబడి ఉంది. ఏ తప్పూ చేయలేదని తేలిన మనిషి ఆ సీజను లాభమంతా అద్దెలకు ధారపోసి, పాడైన సరుకు తీసుకుని ఊరికి వెళ్లిపోయారు.

చట్టం ఆయనకు ఎందుకు అక్కరకు రాలేదంటే దానికి పాత చరిత్ర ఉంది. ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకీ గ్రాండ్ స్లామ్ ఇంటర్నేషనల్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1995లో, సరుకు తామే ఆపామని కస్టమ్స్ వారు ఇచ్చే డిటెన్షన్ సర్టిఫికెట్‌కు సరుకును కాపాడే సంస్థ కట్టుబడనవసరం లేదని, డెమరేజ్ వసూలు చేసుకోవచ్చని చెప్పింది. ఆ తర్వాత 2009లో వచ్చిన కస్టమ్స్ కార్గో రెగ్యులేషన్లు, అధికారులు నిలిపివేసిన సరుకు మీద అద్దె గానీ డెమరేజ్ గానీ వసూలు చేయకూడదని అన్నాయి గానీ, ఆ వాక్యానికి ముందే అమలులో ఉన్న ఇతర చట్టాలకు లోబడి అనే షరతు పెట్టాయి. పోర్టుల చట్టం కింద రేట్ల పట్టిక చేసుకునే రేవులకు ఆ షరతే ఆసరా అయింది. 2020 ఆగస్టులో కొచ్చిన్ పోర్టు ట్రస్టు కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో కోణం చూపింది. ఎవరూ విడిపించుకోని సరుకును ఏళ్ల తరబడి పెట్టుకుని అద్దె లెక్కలు పెంచుకుంటూ పోవడం తగదని, ప్రభుత్వ సంస్థగా రేవు సహేతుకమైన గడువులో ఆ సరుకును అమ్మే ప్రయత్నం చేయాలని పేర్కొంది.

కాబట్టి విశాఖ పోర్ట్ అథారిటీ తనంతట తానుగా, దిగుమతిదారు తప్పు లేదని తేలిన సందర్భాల్లో కస్టమ్స్ సరుకు నిలిపివేసిన కాలానికి డెమరేజ్ మాఫీ అయ్యేలా రెగ్యులేషన్ చేయాలి. 1963 చట్టంలోని 53వ సెక్షన్ మాఫీ చేసే అధికారాన్ని బోర్డుకు ఇచ్చింది కానీ, అది దయతలిస్తే దక్కేది. దానిని అర్హత ఉన్నవాడు అడిగి పుచ్చుకునే హక్కుగా మార్చాలన్నదే నా కోరిక. ఆ మాఫీ ప్రైవేటు టెర్మినళ్లకూ వర్తించేలా టెర్మినల్ నడిపే హక్కును ప్రైవేటు సంస్థకు ఇచ్చే కొత్త కన్సెషన్ ఒప్పందాల్లో షరతు ఉండాలి. 2021 చట్టం ప్రకారం కొత్త పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య) ప్రాజెక్టుల్లో ధరలు మార్కెట్‌ను బట్టి కన్సెషనర్ నిర్ణయించుకుంటారు కనుక, ఒప్పందంలో రాయకపోతే తర్వాత అడిగే దారి ఉండదు. షిప్పింగ్ లైన్ల డిటెన్షన్ చార్జీలు రేవు చేతిలో లేనివి. వాటి కోసం కేంద్ర ఓడరేవుల మంత్రిత్వ శాఖకు విడిగా రాయవలసిందే.

చట్ట సవరణ కావాలని నేను అన్నది అప్పీళ్ల గురించి. ప్రధాన ఓడరేవుల వివాదాలకు 2021 చట్టం అడ్జుడికేటరీ బోర్డును నిర్దేశించి, దాని ఉత్తర్వు మీద అప్పీలును సుప్రీంకోర్టుకు పెట్టింది. 2025 ఇండియన్ పోర్ట్స్ చట్టం రాష్ట్రాల కిందనున్న రేవులకు వివాద పరిష్కార కమిటీలను ఏర్పరచి, అప్పీలును హైకోర్టుకు ఇచ్చింది. విశాఖలో ఉన్నవాళ్లకు దీని అర్థం ఏమిటో చూడండి. గంగవరం రేవు నగరానికి దక్షిణాన కూతవేటు దూరంలోనే ఉంది, అది రాష్ట్రం కిందిది. ఒకే వర్తకుడు ఒకే రకం బొగ్గును ఈ నెల గంగవరంలో దించి గొడవ వస్తే అమరావతిలోని హైకోర్టుకు వెళ్తాడు, వచ్చే నెల విశాఖ రేవులో దించి గొడవ వస్తే ఢిల్లీ దాకా పోవాలి. పెద్ద కంపెనీకి ఇది పట్టింపు కాకపోవచ్చు. పలాస వ్యాపారి లాంటివాడు మాత్రం ఢిల్లీ వకీలు ఫీజు వినగానే తనకు రావలసినది వదులుకుంటాడు. ప్రధాన ఓడరేవుల్లోనూ మొదటి అప్పీలు హైకోర్టుకే వెళ్లేలా సవరణ కోరితే, అది అన్ని ప్రధాన ఓడరేవులకూ మేలు చేస్తుంది. ఒక రేవు సంస్థ తన మీద వేసే కేసులను సులువు చేయమని తానే అడుగుతుందా అన్న సందేహం రావచ్చు. పక్కనే పోటీ రేవు ఉన్నప్పుడు, న్యాయం దగ్గరలో దొరికే చోటికే సరుకు వెళ్తుందని బోర్డు గుర్తించాలి.

బిల్ ఆఫ్ లేడింగ్ అంటే సరుకు ఓడకెక్కిందని నౌకా సంస్థ ఇచ్చే, సరుకు మీద హక్కు చూపే పత్రం. దాని సంగతి త్వరగా ముగిస్తాను. దగ్గరి రేవుల నుంచి వచ్చే సరుకులో ఓడ ముందే చేరి, ఒరిజినల్ బిల్లు బ్యాంకులు తిరిగి కొరియర్‌లో తర్వాత రావడం మామూలే. అప్పుడు బ్యాంకు గ్యారంటీతో ఇండెమ్నిటీ పత్రం (నష్టం వస్తే భరిస్తామన్న హామీ) ఇస్తే తప్ప సరుకు విడుదలకు కావలసిన డెలివరీ ఆర్డరు దొరకదు. బ్రిటన్ 2023లో ఎలక్ట్రానిక్ వాణిజ్య పత్రాలకు కాగితంతో సమానమైన హోదా ఇస్తూ చట్టం చేసింది. మన 2025 చట్టం ఆ మాట సూటిగా చెప్పలేదు కాబట్టి, కేంద్రం స్పష్టమైన ఆదేశం ఇవ్వాలని రేవులన్నీ కలిసి కోరడం సమంజసం.

ఇక దుమ్ము విషయం. 1933లో రేవు తెరిచే నాటికే పాతనగరం అక్కడ ఉంది. ఏటా 8 కోట్ల టన్నులకు పైగా సరుకు నడిచే రేవు, అందులో బొగ్గు, ఇనుప ఖనిజం వంటి విడి సరుకు పెద్ద భాగం, ఇళ్ల నడుమ ఉంది. పాతనగరం వాళ్లు ఆరేసిన బట్టల మీద, డాబా గచ్చు మీద, పిల్లల ఊపిరితిత్తుల్లో పేరుకునే నల్లటి పొడి గురించి దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నారు. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం10 (గాలిలోని సన్నని ధూళి కణాలు) వార్షిక సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద విశాఖ కూడా ఉంది. కొత్త పోర్ట్స్ చట్టం కాలుష్య నివారణ బాధ్యతను రేవుల మీద పెట్టినప్పటికీ, దానిలో ప్రధానంగా కనిపించేది ఓడల వ్యర్థాలు, ఓడ నిలకడ కోసం నింపుకునే బ్యాలస్ట్ నీరు. నేల మీది దుమ్ముకు కూడా అంతే స్పష్టమైన నియమాలు కావాలి. మూసిన షెడ్లు, కన్వేయర్లు, లారీలకు టార్పాలిన్, గేటు దగ్గర చక్రాలు కడిగే ఏర్పాటు వంటివి ఆపరేటర్ ఇష్టానికి వదలకుండా లైసెన్సు షరతులు కావాలి. గాలి కొలతలు రోజూ అందరికీ కనిపించాలి. ఈ ఒక్క విషయంలో నేను వర్తకుల పక్షం కాదు. దీనివల్ల టన్నుకు కొంత ఖర్చు పెరిగినా భరించాలి.

ఫిషింగ్ హార్బరును కూడా మరవకూడదు. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ చెలరేగిన మంటల్లో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. రేవు తయారు చేసే అత్యవసర ప్రణాళికలో బోట్లు కట్టే జెట్టీలు, అక్కడి అగ్నిమాపక నీటి లైన్లు, బోట్ల బీమా భాగం కావాలి.

ఇవన్నీ ఎవరు, ఎలా అడగాలన్నది మీ ప్రశ్నలోని రెండో సగం. అమెరికాలో సియాటిల్ ఓడరేవు వంటి సంస్థలు, ప్రజలు ఎన్నుకున్న ఐదుగురు కమిషనర్ల ఆమోదంతో, చట్టసభల నుంచి తాము కోరేవాటిని ఏటా ఒక పత్రంగా ప్రకటిస్తాయి. మన పోర్ట్ అథారిటీ అలాంటి పత్రాన్ని తెలుగులో ప్రకటించి అభిప్రాయాలు అడగడానికి నాకు తెలిసినంతలో ఏ చట్టమూ అడ్డు రాదు. అంతవరకు మీరు చేయగలిగింది, రెగ్యులేషన్ల ముసాయిదా గానీ రేట్ల పట్టిక గానీ అభిప్రాయాలకు వచ్చినప్పుడు గడువులోగా రాయడం. రాసేటప్పుడు సాధారణ ఫిర్యాదులా కాకుండా ఏ క్లాజు, దానికి బదులు ఏ వాక్యం ఉండాలి, ఆ క్లాజు వల్ల మీకు పడిన బిల్లు నకలు, ఈ మూడూ జత చేయండి. మీరు దిగుమతిదారులైతే మీ అసోసియేషన్ ద్వారా, పాతనగరం వారైతే మీ కాలనీ సంఘం ద్వారా పంపండి. ఒక నకలు మీ పార్లమెంటు సభ్యుడికి కూడా చేర్చండి. అప్పీలు సవరణ మాత్రం ఆయన సభలో లేవనెత్తితేనే కదులుతుంది.